నల్లది చివర

బీరు తయారుచేసే చోట, వచ్చినవాళ్ళకు రుచి చూపించడం ఆయన ఉద్యోగం. తేలికది ముందు, నల్లటి చేదుది చివర. ఎవరైనా తొందరపడి నల్లదాని మీద చెయ్యి వేస్తే కస్సుమనేవాడు. "ముందే అది తాగితే నాలుక చచ్చిపోతుంది. తర్వాత ఏది పోసినా నీళ్ళే!"

ఇంట్లో మాత్రం ఆ వరస గుర్తుండేది కాదు మహానుభావుడికి. భార్య ఎటైనా వెళదామంటే, "ముందు కష్టపడదాం, సుఖం ఎక్కడికి పోతుందే" అని నోరు మూయించేవాడు. పిల్లలు, చాకిరీ, మంచాన పడ్డ అత్తగారు, అన్నీ ఆవిడ నెత్తినే పడ్డాయి.

రిటైరైన రోజు, సముద్రం చూపిస్తానని రైలు టిక్కెట్లు తెచ్చి చేతిలో పెట్టాడు. ఆవిడ వాటిని బల్ల మీద పెట్టి మళ్ళీ అంట్లు తోముకుంది.

"మీ ఇష్టమండీ. నాకు ఎక్కడైనా ఒకటే."

ఆ మాటలో కోపం కూడా లేదు. ఆయన బల్ల మీది టిక్కెట్ల వంక చూశాడు. నల్లది ముందు పోసింది తనే.