మెట్ల మీద జపాన్ దారి

నా చిన్నప్పుడు మేం జర్మనీలోని హానోవర్‌లో ఉండేవాళ్లం. మా పై వాటాలో ఒక జపాన్ పెద్దావిడ ఒంటరిగా ఉండేది. అక్కడి పిల్లలు మామ్మను పిలిచినట్టు నేనూ ఆమెను ఓమా అనేదాన్ని. చెక్క మీద బొమ్మ చెక్కి, రంగు పూసి, కాగితం మీద అద్దడం ఆమె పని. అన్నీ పాతకాలపు జపాన్ రహదారి బొమ్మలే. వానలో వంతెన దాటేవాళ్లు, మంచులో మూటలు మోసేవాళ్లు, సత్రం ముందు కాళ్లు కడుక్కునేవాళ్లు.

నాన్నకు ఇంగోల్‌స్టాట్‌లో ఉద్యోగం వచ్చింది. ఇల్లు ఖాళీ చేసే రోజు నేను ఓమా ఇంట్లో దూరి, రానంటే రానని భీష్మించుకు కూర్చున్నాను. బళ్లో నాకు స్నేహితులు లేరు. ఉన్నదల్లా ఓమాయే. అమ్మ వచ్చి బతిమాలింది, చాక్లెట్ ఆశ పెట్టింది, చివరికి వీపు విమానం మోత మోగిస్తానంది.

"ఇంటివాళ్లకు తాళాలిచ్చే టెర్మిన్ టైము దాటిపోతోంది. ట్రెయిన్ మిస్సయితే అందరం ఇక్కడే పడుండాలి, దిగవే తల్లీ."

నాకు కావలసిందీ అదే.

ఓమా బొమ్మల కట్ట పట్టుకుని బయటికి వెళ్లింది. ఎంతకీ రాకపోయేసరికి తలుపు తీసి చూశాను. మెట్ల మీద వరసగా బొమ్మలు పరిచి ఉన్నాయి, వీధి గుమ్మం దాకా. సామాను మోసేవాళ్లు బూట్లతో పైకి వస్తున్నారు. మా ఇంట్లో కాగితం అంటే సరస్వతి. కాలు తగిలితే కళ్లకద్దుకోవాలి. నేనలా చేయడం ఓమా తన ఇంట్లో ఎన్నోసార్లు చూసింది, ఎందుకో అడిగి తెలుసుకుంది కూడా. వాళ్లు తొక్కేస్తారని గబగబా వంగాను. ఒక్కొక్కటే తీసి, కళ్లకద్దుకుని, చూసుకుంటూ దిగాను. చివరి బొమ్మ దగ్గర తలెత్తితే ఎదురుగా ఓమా, పక్కన నా బూట్లు పట్టుకుని అమ్మ.

నాకు కోపమొచ్చింది, ఏడుపూ వచ్చింది. ఈ బొమ్మల్లో ఎవరైనా ఏడుస్తున్నారా అని ఓమా జర్మన్‌లో అడిగింది. మంచులో ఒకామె కిమోనో అంచుతో కళ్లు తుడుచుకుంటోందని, అయినా నడుస్తూనే ఉందని చెప్పాను.

"నువ్వూ ఏడుస్తూనే వెళ్లు. ఏం ఫర్వాలేదు," అంది.

ఏడుపు ఆగితేనే కదలగలమని అప్పటిదాకా అనుకునేదాన్ని. తర్వాత చదువుకు ఆకెన్ వెళ్లాను, ఉద్యోగాలకు ఇంకెన్నో ఊళ్లు తిరిగాను. ప్రతిసారీ ఏడ్చాను, ఏ రైలూ తప్పలేదు. ఇప్పుడు కిటాకు, అంటే పసిపిల్లల బడికి, బయల్దేరేటప్పుడు మా అమ్మాయి ఏడిస్తే ఊరుకోమనను. బూట్లు తొడిగి చెయ్యి పట్టుకుంటాను. ఏడుస్తూనే నడుస్తుంది.