వెనుక చక్రాలకు డిస్కులు, ఒడిలో అల్లం తొక్కు

ఉదయం ఆరింటికి మేమిద్దరం ఒకే ఊరికి వేర్వేరుగా బయలుదేరాం. నేను మా పాత విదేశీ కారులో, మా ఆవిడ శారద గౌలిగూడలో ఎక్కిన జహీరాబాద్ బస్సులో. నవ్వకండి. శ్రావణంలో, సదాశివపేట దాటాక వచ్చే వాలు మీద, జోరు వానలో బ్రేకు వేస్తే వెనుక కుడి చక్రం బ్రేకు డ్రమ్ము ఒక్కటే పట్టేసి కారు రోడ్డుకి అడ్డం తిరిగింది. ఎదురొచ్చిన లారీ జానెడు దూరంలో ఆగింది. ఆ రోజు కారు దిగిన శారద మళ్లీ ఎక్కలేదు. పెళ్లయిన పన్నెండేళ్లలో అప్పటిదాకా పక్క సీట్లో ఆమె లేకుండా నేనెక్కడికీ పోలేదు. ఆ సీటు ఖాళీగా ఉంటే నాకు ప్రాణం ఉసూరుమనేది.

జహీరాబాద్ దాటాక చిరాగ్‌పల్లి దగ్గర, హైవే పక్కన బండ్లు బాగుచేసే షెడ్డు వేసుకున్న మాణప్ప మేస్త్రి సంగతి ఒక లారీ డ్రైవరు చెప్పాడు. కిందటి నెల కారు చూపిస్తే మేస్త్రి పెదవి విరిచాడు. "గీ డ్రమ్ములు ఖతమైనయ్ సార్. ఇసొంటియి యాడ దొరకయ్. ముందట చక్రాలకున్నట్టె ఎనక గూడ డిస్కులు ఏద్దాం. బొంబాయి గుజిరీల దొరుకుతయ్, ఫికర్ చెయ్యకున్రి" అని కొలతలు తీసుకున్నాడు. గుజిరీ అంటే పాత సామాన్ల బజారు. తన కళ్లతో చూస్తేగాని నమ్మనని శారద కూడా వచ్చింది, బస్సులో!

అది కార్తీకం. ఏడుంపావుకి సంగారెడ్డిలో టీ తాగి బయలుదేరేసరికి రోడ్డంతా మంచు. చెరకు తోటలు ఉన్నట్టే ఉండి మాయమవుతున్నాయి. శారద బస్సు నన్ను దాటి మంచులోకి పోయింది. కాసేపటికి మళ్లీ తేలింది. కిటికీలో ఆమె నీలం చీర కొంగు ఒక్కటే రంగున్న వస్తువు. ఆ బస్సులో పక్కనున్న ముసలమ్మ "మీ ఆయన యాడున్నడు బిడ్డా?" అని అడిగిందట. వెనుక కారులో వస్తున్నారంటే, "గంత కొట్లాడిన్రా?" అని బుగ్గలు నొక్కుకుందట.

తొమ్మిదింటికి జహీరాబాద్ బస్టాండు. అక్కడి నుంచి చిరాగ్‌పల్లికైనా కారెక్కమన్నాను. ఊహూఁ, ఇంకో బస్సు పట్టింది. మొండిఘటం!

మాణప్ప పని చూస్తుంటే నాకు పొద్దు తెలియలేదు. డ్రమ్ములు ఊడదీస్తే లోపల అరిగిన బ్రేకు షూలు, వాటి మీద ఇరుసు నుంచి కారిన నూనె, మసి. వాటి చోట, ముందే లేతు మీద కోయించిన ఇనుప పలకలు బిగించి, గుండ్రటి డిస్కులు ఎక్కించి, వాటిని రెండు వైపులా నొక్కిపట్టే క్యాలిపర్లు అమర్చాడు. ఒంటిగంటకి మేస్త్రి భార్య శివమ్మ జొన్నరొట్టె, పప్పు, తొక్కు పెట్టింది. అటువైపు తొక్కంటే నిలవ పచ్చడి. ఇది పక్క పొలం అల్లంతో నూరింది. నాలుక చురుక్కుమంది.

తిన్నాక మిగిలింది బ్రేకు గొట్టాల్లో గాలి తీయడం. ఒకరు లోపల కూర్చుని పెడలు తొక్కుతుంటే, మేస్త్రి కారు కింద నుంచి నట్టు వదులుచేసి గాలి వదలాలి. ఎప్పుడూ తొక్కే పనివాడు ఆ రోజు రాలేదు. నేను ముందు బానెట్టు దగ్గర బ్రేకాయిలు పోస్తున్నాను. మిగిలింది శారద. తను కారుకి నాలుగడుగుల దూరంలో బిగుసుకుని నిలబడింది.

పెడలు నొక్కమని మాణప్ప రోజూ "దబా" అని ఉర్దూలో అరిచేవాడే. ఆ రోజు మా మీది మర్యాదతో తెలుగు పట్టుకున్నాడు. "అమ్మా, జర తొక్కు!"

షెడ్డు వెనుక ఇంట్లోంచి శివమ్మ తొక్కు జాడీ పట్టుకుని పరుగున వచ్చింది. "గిప్పుడే గద తింటిరి, మళ్లా తొక్కెందుకు?"

"తినే తొక్కు గాదే! కాలుతోని తొక్కుడు!"

శారద పకపకా నవ్వింది. మూడు నెలలైంది ఆ నవ్వు విని. నవ్వుతూనే వెళ్లి డ్రైవరు సీట్లో కూర్చుంది.

"తొక్కు... పట్టు... ఇడువు."

మొదట పెడలు మెత్తగా నేలదాకా దిగిపోయేది. ఒక్కో బుడగ పోతున్న కొద్దీ అది ఆమె పాదం కింద నిలబడసాగింది. "గట్టిపడిందండీ" అంది శారద, తన కాలినే తను నమ్మలేనట్టు.

వెళ్లదలచినవారికి ఒక మాట. ఆ డిస్కులకి హ్యాండుబ్రేకు తీగ తగిలించే జాగా లేదు. ముందే అడగండి. నేను అడగలేదు. మేస్త్రి తుమ్మచెక్క ఒకటి చేతిలో పెట్టి, "వాలుల ఆపినప్పుడు గిది చక్రం కింద పెట్టున్రి" అన్నాడు.

మూడున్నరకి తిరుగు ప్రయాణం. శారద తనే వచ్చి పక్కన ఎక్కింది. శివమ్మ ఇచ్చిన తొక్కు జాడీ ఒడిలో పెట్టుకుంది. ఎండ చెరకు పూల మీద తెల్లగా మెరుస్తోంది. సదాశివపేట దగ్గరి ఆ వాలు రాగానే ఆమె వెనక్కి తిరిగి చూసింది. వెనుక ఏ బండీ లేదు.

"తొక్కండి" అంది.

తొక్కాను. కారు గీత గీసినట్టు నిలబడింది.

"ఇక పోనివ్వండి" అని సీటుకి తల ఆనించింది. మునుపటిలా తలుపు పట్టుకోలేదు. సంగారెడ్డి రాకముందే నిద్రపోయింది.

సందెవేళకి ఇల్లు చేరాం. మా ఇంటి ముందు రోడ్డు ఏటవాలు. హ్యాండుబ్రేకు లేదు, మేస్త్రి ఇచ్చిన చెక్క వెనుక డిక్కీలో ఉంది. ఒక్క నిమిషం గేరులో నిలిపి, దిగి చెక్క తేవచ్చు, కాని మా కారు తలుపు చప్పుడుకి వీధంతా లేస్తుంది. నాకు ఆమెని లేపబుద్ధి కాలేదు. అల్లం వాసన కారంతా నిండింది. బ్రేకు మీద కాలు తీయకుండా, ఆమె తనంతట తను లేచేదాకా అలాగే కూర్చున్నాను.