అత్త కోసం ఉంచిన చోటు

మొన్న సమాధుల పండుగకు తెనాలి బజారులో కొవ్వొత్తులు బేరం చేస్తుంటే, కొట్టాయన "ఎన్ని సమాధులండి మీవి?" అని అడిగాడు. రెండన్నాను. పక్కపక్కన ఉండవలసిన ఆ రెండింటిలో ఒకటి రేపల్లెలో, ఒకటి బాపట్లలో ఉండటానికి కారణం నేను.

రేపల్లెలోది మా మేనత్త భర్తది. మామయ్యను పూడ్చిన రోజు చర్చి సంఘ పెద్దగా చివరి మాటలు నేనే చెప్పాను. కడదినాన దేవుని కడబూర మోగగానే ఆయన ఈ మట్టిలోంచే లేస్తాడని గట్టిగా చెప్పాను. అత్త ఆ మాట పట్టుకుంది. పక్కన ఆరడుగుల చోటు తనకు ఉంచమని సమాధుల తోట కమిటీని అడిగి, నాలుగు మూలలా ఇటుకలు పాతించింది. మామయ్యకు కళ్ళజోడు లేకపోతే గుమ్మం కూడా కనపడేది కాదు. దాన్ని పెట్టెలో పెట్టడం మర్చిపోయామని ఆమె దిగులు. "లేచీ లేవగానే ఎటు పోతాడో ఏంటో, పక్కన నేనుండాలి కదరా" అనేది. ఆ రోజు లేచేవాళ్ళకు వచ్చే మహిమ శరీరానికి చూపు బాగానే ఉంటుందని నేనంటే, ఆయన సంగతి నీకు తెలియదులే అని కొట్టిపారేసేది.

కొన్నాళ్ళకు సమాధుల తోటకు ప్రహరీ కట్టించిన పెద్దమనిషి తల్లి పోయింది. దారి పక్కన, వచ్చేపోయేవాళ్ళకు కనపడే చోటు కావాలన్నాడాయన. అలాంటిది అత్త కోసం ఉంచిన చోటొక్కటే మిగిలింది. అత్త అప్పుడు బాపట్లలో కూతురి దగ్గర ఉంది. ఫోను చేయవచ్చు. చేయలేదు. ఆయన అందరి ముందూ నా భుజం మీద చెయ్యి వేశాడు. ఆ ఇటుకలు నేనే పీకించాను.

ఆ నవంబరులో సమాధుల పండుగకు అత్త తెనాలిలో బండి మారి, సున్నం బకెట్టు, రెండు కొవ్వొత్తులు పట్టుకుని వచ్చింది. కొత్త గ్రానైటు రాతి మీద పేరు రెండుసార్లు చదివింది. ముందే తయారు చేసుకున్న మాట చెప్పాను: ఆత్మ ఎటూ ప్రభువు దగ్గరికి వెళ్ళిపోతుంది కదా, మట్టి ఎక్కడుంటే ఏం అని.

అత్త గొంతు పెంచలేదు. "మీ మామయ్యని పూడ్చినప్పుడు వేరే చెప్పావు గదరా. ఏది నిజం?" అంది.

రెండూ మా విశ్వాసంలోనివే. నేను మాత్రం ఒకదాన్ని ఆమె ఏడుపు ఆపడానికి, రెండోదాన్ని నా తప్పు కప్పుకోవడానికి వాడుకున్నాను. అత్త మామయ్య సమాధికి సున్నం కొట్టి, ఒక కొవ్వొత్తి పెట్టి, మిగిలిన కొవ్వొత్తి ఆ గ్రానైటు మీద వెలిగించింది. ఈవిడ నాకేం చేసింది పాపం, అనుకుంది పైకే. వెళ్తూ నాతో, "వస్తానండి పెద్దగారూ" అంది. నన్ను ఒరేయ్ అని తప్ప ఇంకోలా పిలిచి ఎరగని మనిషి.

తరవాత ఎనిమిదేళ్ళు బతికింది. ఆ అండీ, గారూ మారలేదు. క్షమించమని అడగడానికి రెండుసార్లు బాపట్ల వెళ్ళాను. టిఫిన్ తిని, పిల్లల చదువుల గురించి మాట్లాడి వచ్చేశాను. పోయేముందు, తనను రేపల్లె తీసుకెళ్ళొద్దని కూతురికి చెప్పిందట. బాపట్లలోనే పూడ్చేటప్పుడు నాలుగు మాటలు చెప్పమని పాస్టరుగారు అడిగితే, గొంతు బాగోలేదన్నాను.

చనిపోయినవాళ్ళంతా కడదినం కోసం ఎదురు చూస్తారని మేము నమ్ముతాం. అదెంత దూరమో ఎవరికీ తెలియదు. ఆ ఎనిమిదేళ్ళలో ఏ ఒక్క మధ్యాహ్నమైనా నాకు సరిపోయేది; ఇప్పుడు క్షమించమనే ఆ ఒక్క మాట చెప్పడానికి కాలమంతా అయిపోయేదాకా ఆగాలి.