పుణే లాడ్జిలో తిరగని ఫ్యాన్

మా చిన్నప్పుడు... పుణేలో ఒక లాడ్జి గది. మిట్టమధ్యాహ్నం. పైన ఫ్యాన్ ఉంది, కరెంటూ ఉంది. కానీ స్విచ్ వేయకూడదు. కిటికీ తెరవకూడదు. కింద గచ్చు మీద కూర్చుని అమ్మ బీడీలు చుడుతోంది మరి... గాలి తగిలితే తంబాకు పొడి ఎగిరిపోతుంది.

నాకప్పుడు పదేళ్లు. మేముండేది సోలాపూర్‌లో, దాజీ పేట్‌లో. బాపు, అంటే మా నాన్న, పవర్‌లూమ్ కార్ఖానాలో చద్దర్ దుప్పట్లు నేసేవాడు. కొత్త నమూనాలు పుణేలో ఒక దుకాణానికి చూపించి రమ్మని సేటు పంపాడు. గది కిరాయి సేటే కట్టాడు. "ఎట్లైన గది ఉన్నది గద, పిల్లకు ఊరు సూపిద్దాం" అని బాపు మమ్మల్నీ వెంటబెట్టుకున్నాడు. ముందురోజు సాయంత్రం దిగాం. తెల్లారి బాపు దుకాణం పని చూసుకుని వచ్చేసరికి పన్నెండు. తిరుగు బస్సు ఐదింటికి.

ఆ ఐదు గంటలే మా పుణే.

బీడీలు చుట్టే ఇళ్లవాళ్లకు తెలుసు... బీడీ కంపెనీ నుంచి తెచ్చుకున్న ఆకుకు సరిపడా బీడీలు అప్పగించకపోతే అక్కడి గుమాస్తా వచ్చే వారం ఆకు తగ్గిస్తాడు. రెండు రోజులవీ కలిపి ఇస్తానని అమ్మ అతన్ని ఒప్పించింది. ఆకు అప్పటికే తడిపి కత్తిరించేసింది. ఇంట్లో వదిలేస్తే ఎండి పెళుసైపోతుంది. అందుకని తడిగుడ్డలో చుట్టి పుణే దాకా మోసుకొచ్చింది. రోజూ ఒళ్లో పెట్టుకుని చుట్టే చాటను బస్సులో తేలేక, లాడ్జివాళ్లు గ్లాసులు పెట్టిన స్టీలు ట్రేనే ఒళ్లో పెట్టుకుంది.

గది ఊడ్చడానికి వచ్చిన పనామె, మౌషీ, గుమ్మంలోనే ఆగిపోయింది. "కాయ్ హో తాయీ, ఫిరాయలా ఆలాత్ కీ కామాలా?" అంది. తిరగడానికి వచ్చారా, పనికొచ్చారా అని.

"దోన్హీ" అంది అమ్మ, తల ఎత్తకుండా. రెండింటికీనట.

బాపుకు మండింది. "పుణే దాంక ఒచ్చి గీ రూములనే కూసుంటవా? గిది దాజీ పేట్ల మనిల్లు అనుకున్నవా ఏంది?"

"నీకేంది, మగ్గం బంద్ చేసి ఒచ్చినవ్. నా మగ్గం నా ఒళ్లెనే ఉంటది. పిల్లను తోల్కపోయి తిప్పుకరా పో."

"నువ్వు రాకుంటె నేను పోను" అన్నాను నేను.

బాపు విసుక్కుని మెట్లు దిగి వెళ్లి, రోడ్డు మీద ఒక సిగరెట్ కాల్చి, మళ్లీ ఎక్కి వచ్చాడు. మళ్లీ దిగాడు. నేను కిటికీ అద్దానికి ముక్కు ఆనించి కింద పోయే ఎర్ర బస్సులు చూసేదాన్ని... వచ్చి నాలుగు బీడీల మూతులు మడిచేదాన్ని... మళ్లీ కిటికీ దగ్గరికి. చెమట కారుతోంది. గదంతా తంబాకు ఘాటు. ఒంటిగంట... రెండు... అమ్మ వేళ్లు ఆగవు, గుడ్డలో ఆకు తరగదు.

రెండున్నరకు అమ్మ మొహం కడుక్కోవడానికి లేచింది.

అంతే... మిగిలిన ఆకులో సగానికి పైగా తీసి తలగడ కింద దాచేశాను. తడి ఆకు. తలగడ మీద చెయ్యి ఆనించి కూర్చున్నాను.

అమ్మ వచ్చి గుడ్డ వంక చూసింది. నా వంక చూసింది. ఉన్న నాలుగు ఆకులూ చుట్టేసి, కట్టలు కట్టి, చేతులు రెండుసార్లు సబ్బుతో కడుక్కుంది. కింద ఉన్న బాపును పిలుచుకు రమ్మని నన్ను పంపింది. నేను పరిగెత్తాను. తిరిగొచ్చేసరికి సంచి భుజాన వేసుకుని గుమ్మంలో నిలబడి ఉంది.

"పద" అంది.

లక్ష్మీ రోడ్డు నిండా చీరల దుకాణాలే. జనం తోసుకుంటూ పోతున్నారు. ఒక దుకాణం ముందు వేలాడుతున్న చద్దర్ అంచు పట్టుకుని బాపు "గిది మన దిక్కుదే" అని అందరికీ వినపడేలా అన్నాడు. అక్కడినుంచి ఆటోలో ఒక తోట దగ్గరికి వెళ్లి, మూడు మస్తానీలు కొన్నాడు. చిక్కటి మామిడి పాలు, పైన ఐస్‌క్రీం ముద్ద... బెంచీ మీద వరుసగా కూర్చున్నాం. ఇంట్లో అమ్మ ఏం కలిపి తినిపించినా నాలుక అంచున కొంచెం తంబాకు చేదు తగిలేది. ఆరోజు చెంచాతో పెట్టింది... ఒట్టి తీపి.

"తలగడ కింది ఆకు తీసి సంచిల పెట్టిన" అంది అమ్మ, మామూలుగా.

నేను అమ్మ వైపు తిరిగాను. "నీకెట్ల ఎరుక?"

"గిన్నేండ్ల సంది చుడుతున్న. ఎంత ఆకున్నదో నా చెయ్యికి తెల్వదా?"

"మరి గప్పుడే తీసి చుట్టక ఎందుకు లేచినవ్?"

"ఏం, నాకు సూడబుద్ధి కాదా ఊరు?"

అలికిడైతే అమ్మ ఎక్కడ లేస్తుందోనని బాపు దగ్గు కూడా ఆపుకున్నాడు. అమ్మ రెండు చేతులూ ఒళ్లో వెల్లకిలా పెట్టుకుని, వచ్చేపోయే వాళ్లను చూస్తూ ఊరికే కూర్చుంది...

ఐదింటి బస్సు ఎక్కగానే సంచి విప్పింది. వెలుగున్నంతసేపూ చుట్టింది. కిటికీ మూయించినందుకు ముందు సీటాయన గొణుగుతూనే ఉన్నాడు.

మొన్న నా కూతురు ఫోన్‌లోనే గది తీసుకుని నన్ను పుణే తీసుకెళ్లింది. ఏసీ గది, చేయడానికి ఒక్క పని లేదు. నేను తువ్వాళ్లు మడిచాను, గ్లాసులు కడిగాను, మళ్లీ దుప్పటి సర్దాను. "అమ్మా, జర ఒక్క దిక్కు కూసో" అని పిల్ల మొత్తుకుంది. కూర్చున్నాను... లేచాను.

అమ్మ ఇప్పుడు మా ఇంట్లోనే ఉంటుంది. బీడీలు మానేసి చాలా ఏళ్లయింది. పని లేదు, గుమాస్తా లేడు, ఫ్యాన్ హాయిగా తిరుగుతుంది. టీవీ ముందు కూర్చున్నా వేళ్లు మాత్రం కొంగు అంచును చుడుతూనే ఉంటాయి.

మీ అమ్మ చేతులు ఊరికే ఉండగా మీరెప్పుడైనా చూశారా? ఎక్కడ, ఎంతసేపు... గుర్తుంటే రాయండి.

ఆ బెంచీ మీద నేను చూసింది ఇరవై నిమిషాలు.