బొటనవేలి పరీక్ష

నరసరావుపేట టైర్ల సాయిబు పేరు నాకు గుర్తులేదు. ఎప్పుడూ నల్లమట్టి అంటి ఉండే ఆయన బొటనవేలు మాత్రం గుర్తుంది.

ఎనభైల్లో మా నాటక బృందానికి ఇల్లూ బండీ ఒకటే. పాత వ్యానులోనే వండుకుని, అందులోనే పడుకుని ఊరూరా తిరిగేవాళ్లం. ఒక వానాకాలం దానికి వెనక టైర్లు కొనబోయి, మెరుస్తున్న జతను చూపించాను. ఆయన తడిపిన రేగడిమట్టిని ఆ టైరు గాడిలో బొటనవేలితో కూరి, నేలకేసి కొట్టాడు. మట్టి రాలలేదు.

"పట్టుకోటం ఏ టైరైనా చేసిద్ది. వదలటం రావాల," అంటూ వెడల్పాటి గాళ్లున్న మోటు జత తీశాడు. ఒక్క దెబ్బకే దాని మట్టి ఊడిపడింది.

"రోడ్డు మీద గోల చేస్తయ్ గదా మామా?"

"మీరు చెయ్యరా ఏంది?"

వారం తిరక్కుండా గురజాల దగ్గర, లారీ దిగబడిపోయిన బురదలో, మా వ్యాను మట్టిముద్దల్ని వెనక్కి విసురుతూ దాటేసింది. నాటకం ఆడాం. ఊరివాళ్లు మా హీరోకి వేసిన దండను మర్నాడు నరసరావుపేట తిరిగొచ్చి అతను సాయిబు మెడలో వేయబోయాడు.

"నేనీడే ఉన్నా. పోయింది అది," అంటూ ఆయన దండను టైరుకు తగిలించి, గాడిలో బొటనవేలు పెట్టి చూశాడు.

ఆ ఒక్కరోజే ఆ వేలికి మట్టి అంటలేదు.