కాశీబాయి ఎంచిన బండ

బీదరు పక్కన నౌబాదులో కాశీబాయి వాళ్ల సొంతిల్లు కట్టి తాళంచెవి చేతికిచ్చే పూచీ అంతా గుత్తేదారు రాచయ్యది. నేలకు బండలు ఎంచే పని మాత్రం కాశీబాయిది. ఆమె దేన్నీ కంటితో చూసి ఒప్పుకునే మనిషి కాదు. బియ్యమైతే కొరికి చూస్తుంది, చీరైతే తడిపి పిండుతుంది. బీదరుకు మొజాయిక్ కొత్తగా వచ్చిన రోజులవి. రాచయ్య గోదాములో ఆ తెల్ల పలకల ముందు గొంతుక్కూర్చుని, కొంగుముడి విప్పి, చిటికెడు ముగ్గుపిండితో గీత గీసింది. గీత ఆ తెలుపులోనే కలిసిపోయింది.

"కనవడ్తలేదు రాచయ్యా."

"ఇప్పుడు అందరు ఇవే ఏయిస్తుండ్రు అక్కా. షాన్‌గ ఉంటది."

"ఉండనీ. ఇరవై ఏండ్లు కిరాయిండ్లల్ల ఉన్నం. ఏ ఇంట్ల ఉన్నా కడప ముంగట ఇంటామెనే ముగ్గేసింది. నేను పక్కకెల్లి నడిచిన."

రాచయ్య మూలనున్న నల్ల షాబాదు బండ మీది దుమ్ము తుడిచాడు. కాశీబాయి చుక్కలు పెట్టి, తొందరపడకుండా కలిపి, నడుమ ఒక పువ్వు కూడా వేసింది.

"ఇది కడప ముంగటికి," అని లేచింది.

గోదాము దాటాక వెనక్కి తిరిగి చూసింది. తలుపు వేయడానికి వస్తున్న రాచయ్య ఆ బండ దగ్గర ఒక్క క్షణం ఆగి, ఇంటామె వేసిన ముగ్గు కదా అన్నట్టు, పక్కనుంచి నడిచాడు.