బావ కొన్న డబుల్ క్యాబిన్

గంగన్నకు కోపం ఎక్కువని కంపెనీలో అందరికీ తెలుసు. తెలిసినా ఒక్కడూ లెక్కచేయడు. మనిషికి ఇంతకన్నా అవమానం ఏముంటుంది? ఎదుటివాడు భయపడితే కోపానికి ఒక మర్యాద. తిరగబడి వాదించినా ఫరవాలేదు. పళ్ళికిలించి నవ్వితే ఏం చేస్తాం?

ఆ నవ్వులకు మూలం ఓంకార్. జగిత్యాల దగ్గరి పల్లె నుంచి గంగన్నను వీసా పంపి ఒమాన్ రప్పించినవాడు. అల్ అమెరాత్‌లోని ఆ చిన్న బిల్డింగ్ కంపెనీకి ఫోర్‌మన్. అన్నిటికీ మించి గంగన్న అక్క దేవవ్వ మొగుడు. అంటే వీళ్ళు బావా బామ్మర్దులు. మా దిక్కున ఆ వరస సంగతి వేరే చెప్పాలా? బామ్మర్ది బావను ఎంత మాటైనా అనొచ్చు, బావ అంతకు రెండింతలు అనొచ్చు. పెళ్ళిపందిట్లో మొదలైన ఆ సరసం ముసలితనం దాకా సాగుతుంది. తిట్టుకోకపోతేనే ఇంట్లో ఏదో తేడా వచ్చిందని ఆడవాళ్ళు గుసగుసలాడతారు. అందుకని గంగన్న కడుపు మండి అరిచినా అది వినేవాళ్ళకు సరసమే.

తొంభై మూడు వేసవిలో కంపెనీ పాత పికప్ ఇంజిన్ పోయింది. ఆ బండికి ఒకటే పని. బండరాళ్ళు పగలగొట్టే మిషన్లకు గాలి కొట్టే కంప్రెసర్‌ను వెనక తగిలించుకుని, అమెరాత్ నుంచి కొండ దాటి ఘుబ్రా సైట్లకు లాక్కుపోవడం. రెండు చక్రాల మీద నిలబెట్టిన ఇనుప కొట్టం అది. దాన్ని లాగే డ్రైవర్ గంగన్న.

సెకండ్ హ్యాండ్ బండ్లు రెండున్నాయి, చూసి ఒకటి తీసుకోమన్నాడు అర్బాబ్, అంటే కంపెనీ యజమాని. ఒకటి లైట్ డ్యూటీ. డబుల్ క్యాబిన్, తెల్లగా మెరిసే రంగు, ఏసీ. రెండోది హెవీ డ్యూటీ. ముందు ముగ్గురికే చోటు, వెనక జంట చక్రాలు, ఏసీ లేదు, స్టార్ట్ చేస్తే వీధంతా లేస్తుంది.

గంగన్న ఇసుకలో వెల్లకిలా పడుకుని రెండింటి కిందా చూశాడు. పెద్దబండికి కంప్రెసర్ తగిలించే కొక్కెం చాసిస్‌కే, అంటే అడుగు చట్రానికే బిగించి ఉంది. చిన్నదానికి బంపర్‌కు తగిలించారు, అదీ ఎవడో మొన్న మొన్న వెల్డింగ్ పెట్టినట్టుంది. దులుపుకుని లేచాడు.

"బావా, ఈ బండికన్న మన కంప్రెసరే బరువు. ఎక్కుడు ఎట్లనో ఎక్కుతది. కొండ దిగేటప్పుడు అది మనల్ని ఎనకకెల్లి నూకుతది. ఆపెటోడెవ్వడు?"

"ఆపెటందుకే గదరా, పార పట్టినోణ్ణి తెచ్చి నిన్ను స్టీరింగ్ మీద కూసోపెట్టిన," అన్నాడు ఓంకార్, డబుల్ క్యాబిన్ సీటు మీద చెయ్యి వేసి మెత్తదనం చూసుకుంటూ. "ఏసీ సూడు ఎట్లున్నదో! శుక్రారం రువీ పోతే అందరం లోపల సల్లగ కూసుంటం. ఆ పెద్దదాంట్ల ఎనక డబ్బల నిలవడి మాడి మసైపోవుడే."

రువీ బజారు మీద ఆశ తప్పని నేననను. వారమంతా ఎండలో రాళ్ళు కొట్టినవాడు ఒక్క పూట చల్లగా కూర్చోవాలనుకుంటే అది పాపం కాదు. కానీ లాగాల్సింది కంప్రెసర్‌ను. శుక్రవారం షికారు కోసం ఆరు రోజుల ప్రాణాన్ని పణం పెట్టేవాడిని ఏమనాలి?

గంగన్న అనాల్సింది అన్నాడు. "నీ ఏసీల మన్నువడ! మా అక్కనిచ్చింది సాలక నన్ను గూడ నీకు రాసిచ్చిండ్రా? నీ సోకుకు నన్ను సంపుతవా?"

వెంట వచ్చిన సురేందర్, భూమయ్య కడుపు పట్టుకుని నవ్వారు. డ్రైవర్ ఎందుకు అరుస్తున్నాడని అర్బాబ్ అడిగితే, వీడు నా భార్య తమ్ముడని ఓంకార్ వచ్చీరాని అరబీలో చెప్పాడు. అర్బాబ్ కూడా నవ్వి గంగన్న భుజం తట్టాడు. డబుల్ క్యాబిన్ కంపెనీకి వచ్చేసింది.

ఇక గంగన్న బతుకు చూడాలి. కొండ దిగిన ప్రతిసారీ బ్రేకులు కాలిన వాసన. కిందికి చేరేసరికి చొక్కా తడిసి ఒంటికి అంటుకునేది, ఏసీ ఉండి కూడా. బ్రేకు పట్టీలు మార్పించాడు, మళ్ళీ అరిగాయి. రూమ్‌కు వచ్చి అరిచేవాడు. ఆ అరుపు వాళ్ళకు అన్నంలోకి నంజుడైంది. వంట చేసే సురేందర్ గరిటె పట్టుకుని, "గంగన్నా, ఇయ్యాల బ్రేకులెట్లున్నయ్?" అని గిల్లేవాడు. గంగన్న బావను, బండిని కలిపి తిట్లు లంకించుకునేవాడు. రూమంతా గొల్లుమనేది. అందరికన్నా గట్టిగా ఓంకారే నవ్వేవాడు. శుక్రవారం ఏసీలో కూర్చుని రువీ పోయేవి ఆ నోళ్ళే మరి.

ఒకరోజు గంగన్న అరవకుండా, బావ పక్కన కూర్చుని నెమ్మదిగా చెప్పి చూశాడు.

"బావా, నిజంగ జెప్తున్న. పానం పోతది."

"ఏందిరా, కొత్త పెండ్లికొడుకు లెక్క గింత మెల్లగ మాట్లాడుతున్నవ్?" అన్నాడు ఓంకార్. మళ్ళీ నవ్వులు. ఆ రాత్రి గంగన్న అన్నం వదిలేసి లేచిపోయాడు. అలిగిండు బామ్మర్ది అని దానికీ నవ్వారు.

చలికాలం మొదట్లో జరిగింది. పొద్దున డ్యూటీకి పోతూ భూమయ్య పక్కన కిటికీ మీద మోచెయ్యి పెట్టుకుని కూర్చున్నాడు. వెనక కంప్రెసర్. దిగుడు సగంలో బ్రేకు పెడల్ మెత్తబడి అడుగంటింది. గంగన్న గేరు తగ్గించాడు. ఇంజిన్ మొత్తుకుంది గాని బండి ఆగలేదు, వెనక నుంచి కంప్రెసర్ నూకుతూనే ఉంది. ఎడమకు పోతే లోయ. కుడివైపు కొండకు బండిని ఆనించి రాపాడించుకుంటూ పోయాడు. బంపర్ ఊడింది. కంప్రెసర్ దాంతోపాటు తెగి, రోడ్డు అడ్డంగా దాటి లోయలో పడింది. ఒక్క క్షణం ముందే ఎదురుగా పిల్లలతో నిండిన కారు ఒకటి దాటిపోయింది. పికప్ ఆగింది. భూమయ్య కేక వేశాడు. అతని మోచెయ్యి తలుపుకూ బండకూ మధ్య నలిగిపోయింది.

అర్బాబ్‌తో పాటు అతని కారులో ఓంకార్, సురేందర్ వచ్చేసరికి గంగన్న భూమయ్య చేతికి తన తువ్వాల కడుతున్నాడు. ఓంకార్ ముఖంలో నెత్తురు లేదు. చావలేదు కదా అని ఊపిరి పీల్చుకున్నాడు, ఆ భయాన్ని ఎక్కడ దాచుకోవాలో తెలియక అలవాటైన చోటే దాచుకున్నాడు.

"ఏం బామ్మర్ది, నీ నోటికి బెదిరి కంప్రెసర్ గూడ ఉరికిందా?"

సురేందర్ కిసుక్కున నవ్వాడు. భూమయ్య మూలుగుతూనే ఉన్నాడు.

గంగన్నకు ఒళ్ళంతా మండింది. తెలిసిన బూతులన్నీ నాలుక మీదికి వచ్చాయి. బావ మెడ పట్టుకుని ఆ లోయ చూపించాలనిపించింది. కానీ తిడితే నవ్వుతారు. కొట్టినా, బామ్మర్ది బావను కొట్టాడని ఏళ్ళ తరబడి చెప్పుకుని నవ్వుతారు. ఈ వరస ఉన్నంత కాలం తన మాట ఎవడి చెవికీ ఎక్కదు. అది తెలిసిపోయి, తాళంచెవి తీసి రెండు చేతులతో ఓంకార్‌కు అందించాడు.

"ఫోర్‌మన్ సాబ్, ఈ బండి నేను తోల. మీరు ఇంకెవరినన్న సూసుకోండ్రి."

సురేందర్ నవ్వు ఆగిపోయింది.

"ఏందిరా ఇది? బావను పట్టుకొని సాబంటవా?"

"మీరు ఫోర్‌మన్, నేను డ్రైవర్. గంతే సాబ్. భూమయ్యను దవాఖానకు తీస్కపోవాలె, జెర తొవ్వ ఇడువుండ్రి."

డ్రైవర్ ఏమన్నాడని అర్బాబ్ అడిగాడు. ఓంకార్ తాళంచెవి పట్టుకుని పక్కకు జరిగి తొవ్వ ఇచ్చాడు.

వారం తిరగకుండా హెవీ డ్యూటీ బండి వచ్చింది, దాని స్టీరింగ్ గంగన్నకే ఇచ్చారు. ఏ మాట ఎవరూ వినలేదో ఆ మాట అందరికీ ఒక్కసారే అర్థమైంది, భూమయ్య చెయ్యి పోయాక. ఆ చెయ్యి మళ్ళీ చాపడానికి రాలేదు, అతను ఇంటికి వెళ్ళిపోయాడు. శుక్రవారాలు అందరూ వెనక డబ్బాలో నిలబడి, తలకు తువ్వాలలు చుట్టుకుని రువీ పోయేవారు. ఎవడూ ఎండ అనలేదు. అనే మొహం ఎవడికుంది?

ఓంకార్ మాత్రం తిట్టు కోసం తిరిగేవాడు. కావాలని వంకర మాటలనేవాడు, గంగన్న టీ లాక్కుని తాగేవాడు. "తాగుండ్రి సాబ్," అనేవాడు గంగన్న. ఏడాది గడిచినా అంతే.

ఒక శుక్రవారం రువీలో ఓంకార్ ఫోన్ బూత్ నుంచి వచ్చి డ్రైవర్ కిటికీ దగ్గర నిలబడ్డాడు.

"తప్పయిందిరా. ఒక్కపారి తిట్టు. ఫోన్‌ల మీ అక్క అడుగుతాంది, తమ్ముడు నిన్ను మంచిగ తిడుతుండా అని. ఏం జెప్పాలె?"

"మంచిగున్నడని జెప్పుండ్రి సాబ్," అని గంగన్న బండి స్టార్ట్ చేశాడు.